బ్రౌజర్‌తోనే ఈఎస్‌పీ32లో ఫర్మ్‌వేర్ ఎక్కించడం: కేబుల్ నుంచి సీరియల్ మానిటర్ దాకా

ఈఎస్‌పీ32 అనే వై-ఫై చిప్ ఉన్న బోర్డును కంప్యూటర్‌కు తగిలిస్తారు, ఫ్లాష్ చేసే, అంటే దాన్ని నడిపే ప్రోగ్రామ్‌ను (ఫర్మ్‌వేర్) ఎక్కించే వెబ్ పేజీ తెరుస్తారు, కనెక్ట్ నొక్కుతారు. వచ్చిన పెట్టెలో పోర్టు పేరే ఉండదు. పోర్టు కనిపించినా కొందరికి ‘కనెక్టింగ్’ దగ్గర చుక్కలు పడుతూ ఆగిపోతుంది. ఇంకొందరికి వంద శాతం పూర్తయిందని చూపించాక బోర్డు ఉలకదు, పలకదు.

పదే పదే వచ్చే ప్రశ్నలు ఈ మూడే. మొదటిది కేబుల్, డ్రైవర్ల గొడవ. రెండోది బూట్ మోడ్ గొడవ. మూడోది తప్పు ఫైల్ లేదా తప్పు చిరునామా. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. అందుకే కింది మెట్లు వరసగా ఎక్కండి. ఒకటి ఖాయమయ్యాకే రెండోదానికి వెళ్లండి. ఫ్లాష్ బటన్ ఏడో మెట్టులో గానీ రాదు, కంగారు పడకండి.

ముందే ఒక ధైర్యం. ఫర్మ్‌వేర్ సగంలో ఆగినా, తప్పు ఫైల్ పడినా బోర్డు చచ్చిపోదు. ఫైల్‌ను అందుకునే బూట్‌లోడర్ చిప్ లోపలి రోమ్‌లో ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపలేరు. మళ్లీ ఎక్కిస్తే సరిపోతుంది. ఒక్క ఈ-ఫ్యూజుల (చిప్ లోపల శాశ్వతంగా మార్చే అమరికలు) జోలికి మాత్రం వెళ్లకండి. అవి ఒకసారి కాల్చితే వెనక్కి రావు.

1. ముందే దగ్గర పెట్టుకోవాల్సినవి

- డెస్క్‌టాప్ లేదా ల్యాప్‌టాప్‌లో క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ. ఈ పేజీలన్నీ వెబ్ సీరియల్ అనే సౌకర్యం మీద నడుస్తాయి. క్రోమ్‌లో అది 2021లో వచ్చిన 89వ వెర్షన్ నుంచి ఉంది. సఫారీలో లేదు. ఐఫోన్, ఐప్యాడ్‌లతో ఈ పని జరగదు.
- డేటా తీగలున్న యూఎస్‌బీ కేబుల్, మీటరుకు మించనిది.
- చిప్ ఖచ్చితమైన పేరు. బోర్డు మీది లోహపు మూత చూడండి: ఈఎస్‌పీ32, ఈఎస్‌పీ32-ఎస్3, ఈఎస్‌పీ32-సీ3, ఈఎస్‌పీ8266. ఇవన్నీ వేర్వేరు చిప్‌లు. ఒకదాని ఫైల్ ఇంకోదానికి పనికిరాదు.
- ఆ చిప్ కోసమే తయారైన ఫర్మ్‌వేర్ ఫైల్.
- ఖాళీ బోర్డు. సెన్సర్లు, రిలేలు, ఎల్‌ఈడీ స్ట్రిప్పులు అన్నీ ఊడదీయండి.

చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. జీపీఐఓలు అంటే బయటి పరికరాలు తగిలించే పిన్నులు. మామూలు ఈఎస్‌పీ32లో జీపీఐఓ 1, 3 పిన్నుల మీదే సీరియల్ సంభాషణ నడుస్తుంది. అక్కడ మరో పరికరం ఉంటే మాటలు కలగాపులగం అవుతాయి. జీపీఐఓ 0, 2, 12 పిన్నులను చిప్ లేచే క్షణంలో చూసి ఏ మోడ్‌లోకి వెళ్లాలో నిర్ణయించుకుంటుంది. మామూలు ఈఎస్‌పీ32లో జీపీఐఓ 12ను ఏ సెన్సరో పైకి లాగి పెడితే ఫ్లాష్ మెమరీకి 3.3 వోల్టులకు బదులు 1.8 వోల్టులు అందుతాయి. ఇక ఎన్ని బటన్లు నొక్కినా లాభం లేదు. అదే చిప్‌లో జీపీఐఓ 6 నుంచి 11 దాకా ఉన్నవి ఫ్లాష్ మెమరీ సొంత తీగలు. వాటికి ఎప్పుడూ ఏమీ తగిలించకూడదు.

2. కంప్యూటర్ బోర్డును గుర్తించిందా?

బ్రౌజర్ సంగతి తర్వాత. ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌కు బోర్డు కనిపించాలి.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పోర్ట్స్ అనే వరస చూస్తూ బోర్డు తగిలించండి. కొత్తగా ఒక కామ్ పోర్టు రావాలి. ఏమీ కదలకపోతే కేబుల్‌నే అనుమానించండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలుండవు. బోర్డు మీది ఎర్ర ఎల్‌ఈడీ వెలిగినంత మాత్రాన కేబుల్ మంచిదని కాదు, కరెంటు అందుతోందని మాత్రమే. అదే కేబుల్‌తో ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి ఫైల్ ఒకటి కాపీ చేసి చూడండి. కాపీ అయితే కేబుల్ మంచిదే.

పోర్టుకు బదులు పసుపు గుర్తుతో తెలియని పరికరం వస్తే కేబుల్ బాగుంది, డ్రైవర్ లేదు. బోర్డు మీద యూఎస్‌బీ సాకెట్ పక్కనే ఉన్న చిన్న నల్ల చిప్ మీది అక్షరాలు చదవండి. ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే కనిపిస్తాయి. సీపీ2102 అయితే సిలికాన్ ల్యాబ్స్ డ్రైవర్, సీహెచ్340 అయితే డబ్ల్యూసీహెచ్ డ్రైవర్. రెండూ ఆయా తయారీదార్ల సైట్ల నుంచే దించుకోండి.

లినక్స్‌లో డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి, ఇబ్బందంతా అనుమతులతోనే. డెబియన్, ఉబుంటులలో మీ యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చాలి, ఆర్చ్‌లో యూయూసీపీ గ్రూపులో. చేర్చాక పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు. ఉబుంటు 22.04లో ఇంకో వింత ఉంది. సీహెచ్340 బోర్డు పోర్టు ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. బ్రెయిలీ తెరల కోసం నడిచే బీఆర్ఎల్‌టీటీవై అనే సర్వీసు దాన్ని తన పరికరమే అనుకుని పట్టుకుపోతుంది. బ్రెయిలీ తెర వాడనివారు ఆ ప్యాకేజీ తీసేస్తే సమస్య తీరుతుంది. స్నాప్ ప్యాకేజీగా వచ్చిన క్రోమియం శాండ్‌బాక్స్‌లో నడుస్తుంది కాబట్టి దానికి పోర్టు అందకపోవచ్చు. మామూలు ప్యాకేజీ క్రోమ్‌తో ప్రయత్నించండి.

3. రెండు సాకెట్లున్న బోర్డులు

ఎస్3 బోర్డుల్లో చాలావాటికి రెండు యూఎస్‌బీ సాకెట్లుంటాయి. యూఆర్ట్ లేదా కామ్ అని రాసి ఉన్నది బ్రిడ్జ్ చిప్ (పైన చూసిన సీపీ2102, సీహెచ్340 వంటిది) గుండా వెళ్తుంది. యూఎస్‌బీ అని ఉన్నది నేరుగా ప్రధాన చిప్‌కే వెళ్తుంది. ఫ్లాష్ చేయడానికి ఏదైనా పనికొస్తుంది కానీ, మొదటిసారి చేసేవారికి యూఆర్ట్ వైపే మేలు. నేరుగా వెళ్లే సాకెట్‌లో బోర్డు రీసెట్ అయినప్పుడల్లా పోర్టు తెగి మళ్లీ పుడుతుంది. కొన్నిసార్లు కొత్త నంబరుతో పుడుతుంది. అప్పుడు బ్రౌజర్‌లో దాన్ని మళ్లీ ఎంచుకోవాలి.

4. ఏ ఫైల్, ఏ చిరునామాలో?

ఫ్లాష్ చేసే పేజీలు రెండు రకాలు. ఈఎస్‌పీ వెబ్ టూల్స్ మీద కట్టిన పేజీల్లో ఒక్క ఇన్‌స్టాల్ బటన్ ఉంటుంది. చిప్‌ను అదే గుర్తించి తగిన ఫైల్‌ను అదే ఎక్కిస్తుంది. అలాంటిది దొరికితే ఈ మెట్టు దాటేయండి. మీ సొంత ఫైల్ ఎక్కించాలంటే ఈఎస్‌పీటూల్-జేఎస్ తరహా పేజీ కావాలి. అందులో ఫైల్‌తో పాటు చిరునామా కూడా మీరే ఇవ్వాలి. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

మామూలు ఈఎస్‌పీ32కు విడివిడి ముక్కలుంటే అవి కూర్చునే చోట్లు ఇవి:

- బూట్‌లోడర్ (రోమ్‌లోది కాదు, ఫ్లాష్ మెమరీలో కూర్చునే రెండోది): 0ఎక్స్1000
- పార్టిషన్ పట్టిక (మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పేది): 0ఎక్స్8000
- బూట్ యాప్ 0 అనే చిన్న ఫైల్: 0ఎక్స్ఈ000
- అసలు ప్రోగ్రామ్: 0ఎక్స్10000

ఎస్3, సీ3, సీ6 చిప్‌లలో బూట్‌లోడర్ 0 దగ్గరే మొదలవుతుంది. ఆర్డ్యూనో మామూలు అమరికలో మిగతా మూడూ పై చోట్లలోనే ఉంటాయి. ఈఎస్‌పీ8266కు ఒకటే ఫైల్, 0 దగ్గర. పార్టిషన్ పట్టికను మీరే మార్చుకుని ఉంటే ప్రోగ్రామ్ చిరునామా అందులోంచే చూసుకోండి.

అన్ని ముక్కలూ కలిపి ఒకే ఫైల్‌గా ఇస్తే, చిప్ ఏదైనా దాని చోటు 0. ఫైల్ పేరులో ఫ్యాక్టరీ లేదా మెర్జ్‌డ్ అనే మాట ఉంటే అది ఇలాంటిదే. ఓటీఏ (వై-ఫై ద్వారా అప్‌డేట్ చేసేందుకు ఇచ్చేది) అని ఉంటే అందులో ఒట్టి ప్రోగ్రామ్ మాత్రమే ఉంటుంది. దాన్ని 0 దగ్గర పెడితే బూట్‌లోడర్ ఉండాల్సిన చోటు నాశనమవుతుంది. ‘వంద శాతం పూర్తయింది, అయినా బోర్డు లేవట్లేదు’ అనే ఫిర్యాదులకు మొదట అనుమానించాల్సింది దీన్నే.

పేరు చూసి తేల్చలేకపోతే ఫైల్‌ను బ్రౌజర్‌లో నడిచే హెక్స్ వ్యూయర్‌తో తెరిచి మొదటి బైటు చూడండి. బూట్‌లోడర్ అయినా ప్రోగ్రామ్ అయినా మొదటి బైటు ఈ9 అవుతుంది. మామూలు ఈఎస్‌పీ32కు చేసిన కలిపిన ఫైల్‌లో మాత్రం మొదటి 4096 బైట్లు ఖాళీ, అంటే వరసగా ఎఫ్ఎఫ్‌లే. ఆ తర్వాత ఈ9 వస్తుంది. కాబట్టి ఎఫ్ఎఫ్‌తో మొదలైతే 0 దగ్గర పెట్టొచ్చు. ఎస్3, సీ3లకు ఈ కిటుకు పనిచేయదు, వాటి కలిపిన ఫైల్ కూడా ఈ9తోనే మొదలవుతుంది.

చిరునామా రాసేటప్పుడు ముందున్న 0ఎక్స్‌ను వదిలేయకండి. 0ఎక్స్1000 అంటే 4096. ఒట్టి 1000 అని కొడితే పేజీ దాన్ని మామూలు వెయ్యిగా తీసుకోవచ్చు. ఫ్లాష్ మెమరీ 4096 బైట్ల గడులుగా ఉంటుంది. వెయ్యి అనేది ఏ గడికీ మొదలు కాదు.

5. కనెక్ట్ కావడం

పోర్టును ఒక సమయంలో ఒక ప్రోగ్రామే పట్టుకోగలదు. ముందుగా వీటిని మూసేయండి:

- ఆర్డ్యూనో ఐడీఈలోని సీరియల్ మానిటర్ (బోర్డు పంపే మాటలు చూపే కిటికీ)
- పుట్టీ వంటి టెర్మినల్ ప్రోగ్రామ్‌లు
- అదే బోర్డుతో మాట్లాడుతున్న ఇంకో బ్రౌజర్ ట్యాబ్
- త్రీడీ ప్రింటర్ స్లైసర్ వంటి, పోర్టులను తనంతట తానే వెతికే సాఫ్ట్‌వేర్

ఇప్పుడు కనెక్ట్ నొక్కండి. పోర్టుల పెట్టెలో ఏది మీదో తెలియకపోతే, పెట్టె తెరిచి ఉండగానే కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టండి. మాయమై తిరిగి వచ్చినదే మీ బోర్డు. పెట్టె అసలు తెరుచుకోకపోతే పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉందో లేదో చూడండి. అలా లేని పేజీకి బ్రౌజర్ సీరియల్ పోర్టు ఇవ్వదు. మీ కంప్యూటర్‌లోనే నడిచే లోకల్‌హోస్ట్ పేజీకి మాత్రం మినహాయింపు ఉంది.

పోర్టు తెరుచుకుని చుక్కలు పడుతూనే ఉంటే, చిప్ ఫైల్ తీసుకునే మోడ్‌లోకి వెళ్లలేదని అర్థం. మంచి బోర్డులు దీన్ని వాటంతట అవే చేసుకుంటాయి. చేసుకోని బోర్డుతో ఇలా చేయండి:

1. బూట్ బటన్ నొక్కి పట్టుకోండి.
2. ఈఎన్ లేదా ఆర్ఎస్‌టీ అని ఉన్న బటన్‌ను ఒకసారి నొక్కి వదలండి.
3. బూట్ వదలకుండానే పేజీలో కనెక్ట్ నొక్కి పోర్టు ఎంచుకోండి.
4. చిప్ పేరు తెర మీద పడ్డాకే బూట్ వదలండి.

రెండో అంకెతోనే బూట్ వదిలేయమని చాలాచోట్ల ఉంటుంది. అది కూడా పనిచేస్తుంది, కానీ అన్ని బోర్డుల మీదా కాదు. కనెక్ట్ నొక్కగానే పేజీ బోర్డును మరోసారి రీసెట్ చేస్తుంది. ఆ క్షణంలో బూట్ నొక్కి లేకపోతే చిప్ మామూలుగా లేచి కూర్చుంటుంది, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ప్రతిసారీ బటన్ పట్టుకోవడం విసుగనిపిస్తే ఈఎన్, గ్రౌండ్ పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఎలక్ట్రోలిటిక్ రకమైతే ప్లస్ కాలు ఈఎన్ వైపు. చిప్ లేవడం కాస్త ఆలస్యమై, ఆలోగా బూట్ పిన్ కిందికి దిగే వ్యవధి దొరుకుతుంది. చౌకరకం బోర్డుల్లో లేనిది ఈ చిన్న భాగమే.

కనెక్ట్ అయ్యాక తెర మీద చిప్ పేరు, మ్యాక్ చిరునామా కనిపిస్తాయి. చిప్ పేరు మీరనుకున్నదేనా? కాకపోతే ఇక్కడే ఆగి సరైన ఫైల్ తెచ్చుకోండి.

6. పాతది దాచుకోవడం

కొత్త డెవలప్‌మెంట్ బోర్డయితే ఈ మెట్టు అక్కర్లేదు. ఏదైనా పరికరంతో వచ్చిన బోర్డయితే మాత్రం, రీడ్ ఫ్లాష్ సౌకర్యం ఉన్న పేజీతో మొత్తం మెమరీ చదివి దాచండి. 4 ఎంబీ మెమరీకి 115200 (సెకనుకు బిట్లు) వేగంతో ఆరు నిమిషాలు పడుతుంది. చదివాక ఫైల్ సైజు సరిగ్గా 41,94,304 బైట్లు ఉండాలి. తక్కువుంటే మధ్యలో తెగినట్టే, మళ్లీ చదవండి.

ఆ ఫైల్‌ను ఎవరికీ పంపకండి. వై-ఫై పాస్‌వర్డ్ అందులో మామూలు అక్షరాల్లోనే ఉండే అవకాశం ఎక్కువ.

7. చెరపడం, రాయడం

ఎరేజ్ ఎప్పుడు? వేరే రకం ఫర్మ్‌వేర్‌కు మారుతున్నప్పుడు తప్పకుండా చేయండి. పాత అమరికలు మిగిలిపోతే కొత్త ప్రోగ్రామ్ వింతగా ప్రవర్తిస్తుంది. ఉన్న ఫర్మ్‌వేర్‌కే కొత్త వెర్షన్ ఎక్కిస్తుంటే వద్దు, వై-ఫై వివరాలతో సహా అన్నీ పోతాయి. చెరిపేటప్పుడు శాతం కదలకుండా కాసేపు ఆగినట్టుంటుంది. కేబుల్ లాగకండి.

వేగం మొదటిసారి 115200 పెట్టండి. ఒక బైటుకు పది బిట్లు వెళ్తాయి కాబట్టి సెకనుకు 11,520 బైట్లు. 1 ఎంబీ ఫైల్‌కు సుమారు ఒకటిన్నర నిమిషం. కుదించి పంపే పేజీల్లో ఇంకా తక్కువే. అది సాఫీగా జరిగితే తర్వాత 460800కు పెంచుకోండి. 921600 దగ్గర పొడవాటి కేబుళ్లు, హబ్‌లు మొరాయిస్తాయి. మధ్యలో, ఒక్కోసారి ఒక్కో శాతం దగ్గర ఆగుతుంటే వేగం తగ్గించండి. ప్రతిసారీ ఒకే శాతం దగ్గర ఆగుతుంటే ఫైల్‌నే మళ్లీ దించుకోండి.

ప్రోగ్రామ్ నొక్కే ముందు:

- చిప్ పేరు, ఫైల్ చిప్ పేరు ఒకటే
- చిరునామాలు రెండుసార్లు సరిచూసుకున్నారు
- బోర్డు హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్‌లో ఉంది
- ల్యాప్‌టాప్ నిద్రలోకి జారకుండా పెట్టారు

రాయడం అయ్యాక హ్యాష్ (ఫైల్ సరిగ్గా చేరిందో పోల్చి చూసే లెక్క) సరిపోయిందన్న వాక్యం చూపించే పేజీలున్నాయి. అది కనిపిస్తే పంపినవన్నీ మెమరీలో ఉన్నట్టే. పంపినది సరైన ఫైలేనా అన్నది ఆ వాక్యం చెప్పదు.

ఆపైన ఈఎన్ బటన్ ఒకసారి నొక్కండి. నేరుగా వెళ్లే యూఎస్‌బీ సాకెట్ వాడినవారు దీన్ని మరిచిపోతే బోర్డు ఫైల్ కోసం ఎదురుచూస్తూనే ఉండిపోవచ్చు.

8. సీరియల్ మానిటర్ ఏమంటోంది?

ఫ్లాష్ పేజీని డిస్‌కనెక్ట్ చేసి, అదే బ్రౌజర్‌లో సీరియల్ మానిటర్ పేజీని 115200 వేగంతో తెరవండి. ఈఎన్ నొక్కితే నాలుగైదు వరసలు పడతాయి. బోర్డు తన జబ్బు తానే చెప్పుకునేది ఇక్కడే.

‘ఇన్‌వాలిడ్ హెడర్’ అని ఆగకుండా వస్తుంటే బూట్‌లోడర్ ఉండాల్సిన చోట అది లేదు. పక్కన ఎఫ్‌లే వరసగా ఉంటే అక్కడ అంతా ఖాళీ. నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి.

‘వెయిటింగ్ ఫర్ డౌన్‌లోడ్’ అంటే బూట్ పిన్ ఇంకా కిందికి దిగే ఉంది. బటన్ ఇరుక్కుందేమో, జీపీఐఓ 0కు ఏదైనా తీగ తగిలి ఉందేమో చూడండి.

‘బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్’ అంటే కరెంటు చాలడం లేదు. బోర్డు బాగానే లేచి, వై-ఫై మొదలవగానే పడిపోతుంటే దాదాపు ఇదే. రేడియో పంపే క్షణంలో చిప్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. సరఫరా కనీసం 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగలగాలి. కేబుల్ మార్చండి, హబ్ తీసేయండి. బ్రౌనౌట్ గమనింపునే ఆపేసే కోడ్ ముక్క ఒకటి తిరుగుతుంటుంది. అది జ్వరం తగ్గలేదని థర్మామీటర్ పగలగొట్టడం లాంటిది.

‘గురు మెడిటేషన్ ఎర్రర్’ అని చూసి నవ్వుకోండి, కానీ అది ప్రోగ్రామ్ లేచాక కూలిపోయిందన్న వార్త. ఫ్లాష్ చేయడంలో మీ తప్పు లేదు. ఫైల్ మీ బోర్డు రకానికి చేసింది కాకపోవచ్చు. బోర్డులో లేని పీఎస్‌ర్యామ్ (అదనపు మెమరీ) కోసం వెతికే ఫైల్ ఇలాగే కూలుతుంది.

అన్నీ గజిబిజి అక్షరాలే వస్తే వేగం కలవలేదు. ఈఎస్‌పీ8266 లేచేటప్పుడు పలికే మొదటి మాటలు సాధారణంగా 74880 వేగంలో ఉంటాయి. ఆ తర్వాత ప్రోగ్రామ్ తన వేగానికి మారుతుంది. మొదటి రెండు వరసలు మాత్రమే గజిబిజిగా ఉంటే అసలు పట్టించుకోకండి.

బోర్డు లేచింది, వై-ఫై మాత్రం దొరకడం లేదంటే రౌటర్ వైపు చూడండి. ఈఎస్‌పీ32, ఎస్3, సీ3 మూడూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ వాటికి కనిపించదు.

9. యూఎస్‌బీ సాకెట్ లేని బోర్డులు

ఈఎస్‌పీ32-క్యామ్ వంటి వాటికి విడిగా యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్ కావాలి. దాని సిగ్నల్ 3.3 వోల్టులదై ఉండాలి. జంపర్ ఉంటే ముందే 3.3 వైపు పెట్టుకోండి.

- అడాప్టర్ టీఎక్స్ నుంచి బోర్డు ఆర్ఎక్స్‌కు (యూ0ఆర్)
- అడాప్టర్ ఆర్ఎక్స్ నుంచి బోర్డు టీఎక్స్‌కు (యూ0టీ)
- గ్రౌండ్ నుంచి గ్రౌండ్‌కు
- 5 వోల్టుల నుంచి బోర్డు 5వీ పిన్నుకు
- బోర్డు మీదే జీపీఐఓ 0 నుంచి గ్రౌండ్‌కు ఒక జంపర్ తీగ

పేరుకు పేరు కలిపి టీఎక్స్‌ను టీఎక్స్‌కే తగిలిస్తే ఏమీ కాలిపోదు, ఏమీ జరగదు కూడా. చుక్కలే పడతాయి. తీగలు మార్చండి.

జంపర్ పెట్టి, రీసెట్ నొక్కి, ఆ తర్వాత పేజీలో కనెక్ట్ చేయండి. మిగతా అంతా పై వరసే. ఎరేజ్ తర్వాత ప్రోగ్రామ్ మొదలుపెట్టేటప్పుడు పేజీ మళ్లీ కనెక్ట్ అడిగితే, ముందుగా రీసెట్ ఇంకోసారి నొక్కండి. ఈ బోర్డుకు తనంతట తానే రీసెట్ అయ్యే ఏర్పాటు లేదు. రాయడం పూర్తయ్యాక జీపీఐఓ 0 జంపర్ తీసేసి, రీసెట్ నొక్కండి.